సదానందం హాజర్

యూరియా బస్తాను కత్తిరించి కుట్టిన సంచిలో ఎల్లక్క మొదట మగని పంచె పెట్టింది. దాని మీద తన చీర, చీర మడతల్లో జొన్నరొట్టెల మూట, తొక్కు డబ్బా. సంచి ఇంకా సగం ఖాళీగానే ఉంది. రెండు రోజుల ప్రయాణానికి అంతకన్నా ఏం కావాలో ఆమెకు తోచలేదు. ఇంకో రొట్టె పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

తల నెరిసిన సదానందం ఇంటి కడప దగ్గర గొంతుకూర్చొని మూడు ఆముదపు మోళ్ళను తాడుతో కడుతున్నాడు. తెల్లవారుజామునే చేనుకు పోయి వేర్లతో సహా పెకిలించుకొచ్చాడు. వేర్లకున్న ఎర్రమట్టి రాలకుండా తడిగుడ్డ చుట్టాడు.

"ఆ కట్టెలెందుకయ్యా?" అంది ఎల్లక్క.

"కట్టెలా? గివి సాక్ష్యం. మనం భూమిల ఉన్నమని ఆడ ఎట్ల నమ్ముతరు?"

"పట్టా కాయితం లేదా?"

"కాయితం రేంజరుకు గూడ చూపిచ్చిన గదనే. నమ్మిండా?"

ఆమె కట్టను అందుకొని సంచిలో అడ్డంగా పెట్టింది. సంచి మూతి పట్టలేదు. మోళ్ళు మూరెడు బయటికి పొడుచుకొచ్చాయి.

గోగులపల్లె శివారులో ఇరవై మూడు కుటుంబాలకు సర్కారు బంజరు భూమికి లావుణి పట్టాలిచ్చి పదకొండేళ్ళయింది. రాళ్ళు ఏరి, మోదుగు మొద్దులు తవ్వి, ఆముదాలు, జొన్నలు పండిస్తున్నారు. మొన్న మాఘమాసంలో అటవీశాఖ వాళ్ళు కూలీలను తెచ్చి, ఆ భూమి అంతటా టేకు మొక్కల కోసం గుంతలు తవ్వించారు. ఎరువుకు పోసుకున్న పెంటకుప్పల మధ్య నుంచే తవ్వారు. సదానందం రెండెకరాల్లో అరవై ఒక్క గుంత. తొలకరి పడగానే మొక్కలు నాటుతారు. నాటిన తర్వాత నాగలి పెడితే కేసు. తొలకరికి ఇంకా రెండున్నర నెలలే ఉంది.

మిట్టమధ్యాహ్నం తండా నుంచి మాన్‌సింగ్ వచ్చాడు. పట్టాల జాబితాలో సదానందం పేరు మొదటిది, మాన్‌సింగ్‌ది రెండోది. చేతిలో అడవి తేనె సీసా ఉంది.

"ఇది ఎమ్మెల్యేకు. నువ్వు తొవ్వల నాకకు సదానందమన్నా" అన్నాడు.

"నువ్వే రారాదుర మాన్‌సింగూ, నాకు జర ధైర్నముంటది."

"అసెంబ్లీ పాసులు రెండే అన్నడు గద జలీల్ భాయ్. ఒకటి మొదటి పేరుగల్లోనికి, ఒకటి సదువొచ్చినోళ్ళకు. నాకు రెండూ లేవాయె." ఎల్లక్క వైపు తిరిగి నవ్వాడు. "అక్కా, మా అన్న మంత్రిని చూసి పంచె తడుపుకుంటడేమో, ఇంకోటి పెట్టినవా?"

ఎల్లక్క బడికి పోలేదు. పొట్లాల కాగితాలు, బస్సు బోర్డులు, గోడల మీది ఎన్నికల రాతలు కూడబలుక్కొని నేర్చుకుంది. ఊళ్ళో ఎవరికి కాగితం వచ్చినా ఆమె దగ్గరికే తెస్తారు. అందుకే ఆమెను పంపుతున్నారు. ఆ సంగతి తలుచుకొని ఆమె మనసులో లెక్కపెట్టుకుంది. ఇరవై మూడు ఇండ్లు.

"మంగళవారం వ్యవసాయం పద్దు" అన్నాడు మాన్‌సింగ్ నవ్వు మాని. "మన ముచ్చట ఆనాడే వస్తదట. పేరు పెట్టి చెప్తడట ఎమ్మెల్యే. నువ్వు జర హుషారుగుండన్నా."

"ఉంట" అన్నాడు సదానందం. "ఒక్కసారి పోగొట్టుకున్న. మల్ల పోగొట్టుకుంటనా?"

అతను ఏ సంగతి అంటున్నాడో ముగ్గురికీ తెలుసు. వెనక ఒకసారి గట్టు తగాదాలో కోర్టుకు పోయినప్పుడు, పొద్దటి నుంచి చెట్టు కింద కూర్చొని కూర్చొని, ఒక్క నిమిషం గోడ చాటుకు పోయాడు. ఆ ఒక్క నిమిషంలోనే బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. కేసు కొట్టేశారు. పొలంలో గట్టు జరిగిపోయింది.

సోమవారం పొద్దున పరకాల బస్సెక్కారు. హన్మకొండలో దిగి, కాజీపేటలో రైలెక్కి, చీకటి పడేవేళకు నాంపల్లిలో దిగారు. ఎమ్మెల్యే మధుకర్‌రావు దగ్గర పనిచేసే జలీల్ స్టేషన్‌కు వచ్చాడు. అతనిది ఘనపూర్. సన్నగా, ఎప్పుడూ చంకలో ఫైలుతో ఉంటాడు.

"సలామలేకుం సదానందమన్నా. ఏంది, అడవి మొత్తం పీక్కొచ్చినవా?" అన్నాడు మోళ్ళను చూసి.

క్వార్టర్లలో మధుకర్‌రావు వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. తేనె సీసా తీసుకొని దీపం వెలుతురుకు ఎత్తి చూశాడు. "అసలుదే" అన్నాడు. సదానందం భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు ముచ్చట తెస్త. మంత్రి జవాబు చెప్పాలె. చెప్పకపోతే ఇడుస్తనా?"

అతని బల్ల మీద కాగితాలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. మీది కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టి, అతను లోపలికి పోయాడు.

ఆ ఇంటి వసారాలోనే చాప పరుచుకున్నారు. "భుజం మీద చెయ్యేసిండు చూసినవా?" అన్నాడు సదానందం. రెండోసారీ అన్నాడు. ఎల్లక్క ఊ కొట్టింది.

మంగళవారం ఎనిమిది గంటలకే అసెంబ్లీ గేటు ముందు నిలబడ్డారు. పాసులు చేతికొచ్చేసరికి తొమ్మిది దాటింది. పసుపుపచ్చ అట్టముక్కలు. ఎల్లక్క వెనకవైపు తిప్పి, వేలు పెట్టి చదివింది.

"మాట్లాడొద్దట. చప్పట్లు కొట్టొద్దట. లేచి నిలబడొద్దట."

"గది ముచ్చట్లు పెట్టెటోళ్ళకే" అన్నాడు సదానందం. "నాకెరికే. నేను నోరు తెరుస్తనా?"

గేటు దగ్గరి జవాను సంచి లాక్కున్నాడు. "ఈ కట్టెలేందయ్యా? ఎవల్ని కొట్టనీకి?"

"కొట్టనీకి గాదు సార్. ఆముదం. మా చేండ్లది. మంత్రికి చూపియ్యాలె."

జవాను పక్కవాడిని పిలిచి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. సంచి గోడవారన పెట్టించారు. సదానందం పట్టా ఉన్న ప్లాస్టిక్ కవరును అంగీ లోపలి జేబులో పెట్టుకొని, పైనుంచి అరచేత్తో నొక్కి చూసుకున్నాడు.

మెట్లెక్కి గ్యాలరీలోకి పోయేసరికి కింద ఎవరో చక్కెర మిల్లు గురించి అడుగుతున్నారు. ఎల్లక్కకు మొదట పంకాలే కనిపించాయి. తర్వాత గుండ్రంగా బల్లలు, తెల్లబట్టలు, ఎత్తుమీద కుర్చీలో అధ్యక్షుడు. కొంతమంది మాట్లాడుకుంటున్నారు. ఒకాయన పేపరు చదువుతున్నాడు. మధుకర్‌రావు మూడో వరసలో ఉన్నాడు.

"గాడున్నడు మనోడు" అని చూపుడువేలు లేపాడు సదానందం. వెనక కాపలా ఉన్న టోపీ మనిషి ఆ వేలును కిందికి వంచాడు.

కాసేపటికి గంట మోగింది. "ప్రశ్నల సమయం అయిపోయింది. మిగిలిన ప్రశ్నలకు జవాబులు సభ ముందు ఉంచినట్టే" అన్నాడు అధ్యక్షుడు. ఒక మనిషి కాగితాల కట్ట తెచ్చి కింది బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఎవరూ దాని వైపు చూడలేదు. ఎల్లక్క చూసింది గానీ, ఆ కట్ట ఏమిటో ఆమెకు తెలియదు.

ఆ తర్వాత వ్యవసాయం పద్దు మొదలైంది. మంత్రి లేచి చదివాడు. సంకరజాతి జొన్నలన్నాడు, ఎరువుల పంపిణీ అన్నాడు, చిన్నకారు రైతుల అభివృద్ధి అన్నాడు. ఒక్కొక్క అంకె చెప్పినప్పుడు ఆయన వైపు వాళ్ళు బల్లలు చరిచారు. మెట్టరైతు అన్న మాట వచ్చినప్పుడల్లా సదానందం ముందుకు వంగాడు. మెట్టరైతు గురించి చెప్పి, మంత్రి చేపల చెరువుల మీదికి పోయాడు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. కోస్తా వైపు ఆయన కాలవల గురించి చాలాసేపు మాట్లాడాడు. ఎల్లక్కకు అతని మాట సగమే అర్థమైంది. పదకొండయింది. పన్నెండయింది. సదానందం కదలడం లేదు. పొద్దటి నుంచి చుక్క నీళ్ళు తాగలేదు, తాగితే బయటికి పోవాల్సి వస్తుందని. కాళ్ళు దగ్గరగా పెట్టుకొని, మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. ఎల్లక్క అతని నుదుటి మీద చెమట చూసింది.

"పోయి రా" అని చెవిలో గొణిగింది. "నేనుంట గద."

అతను తల అడ్డంగా ఊపాడు.

ఒంటిగంటకు పావుగంట తక్కువలో మధుకర్‌రావు లేచాడు. "అధ్యక్షా" అన్నాడు. మొదట తన పార్టీ నాయకుణ్ణి పొగిడాడు. తర్వాత కరెంటు సంగతి, రోడ్డు సంగతి. అధ్యక్షుడు చిన్నగంట కొట్టాడు. "రెండు నిమిషాలల్ల అయిపోతది అధ్యక్షా. ఆఖరి ముచ్చట. మా గోగులపల్లెల పేద రైతులకు సర్కారే పట్టాలిచ్చింది. సర్కారే గుంతలు తవ్వుతున్నది. ఇరవై మూడు కుటుంబాలు. మొదటి పేరు చెప్తున్న, రాసుకోండ్రి. సదానందం..."

"హాజర్!"

ఎల్లక్క ఉలిక్కిపడింది. పక్కన సదానందం లేచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి, గ్యాలరీ కటకటాల మీదికి వంగి, కోర్టు అరుగు మీద పలకాల్సిన గొంతుతో పలికాడు. "సదానందం హాజర్ సర్కార్! ఈడనే ఉన్న! ఎక్కడికీ పోలేదు!"

ఒక్క క్షణం పంకాల చప్పుడే వినిపించింది. తర్వాత కింద ఎవరో, "హాజరుపట్టీలో వేసుకోండి అధ్యక్షా" అన్నారు. సభ అంతా నవ్వింది. మంత్రి నవ్వాడు. మధుకర్‌రావు పైకి చూసి, వెంటనే తల దించుకున్నాడు. అధ్యక్షుడు గట్టిగా గంట కొట్టి, "తీసుకుపొండి" అన్నాడు. టోపీ మనుషులు ఇద్దరు సదానందం చంకల కింద చేతులు వేశారు. అతను గింజుకోలేదు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి పైకెత్తి పట్టుకొని, అట్లాగే మెట్లు దిగాడు.

నవ్వులు ఆగేసరికి, "మీ సమయం అయిపోయింది" అన్నాడు అధ్యక్షుడు. మధుకర్‌రావు కూర్చున్నాడు. ఇంకొకాయన లేచి నిమ్మతోటల గురించి మొదలుపెట్టాడు.

సభ ముగిసేదాకా సదానందాన్ని కింద ఒక గదిలో కూర్చోబెట్టారు. ఎల్లక్క తలుపు దగ్గర నిలబడింది. ఒక అధికారి పేరు, ఊరు అడిగి రాసుకున్నాడు. ఇంకోసారి ఇట్లా చేస్తే జైలు అని చెప్పాడు. సదానందం అన్నిటికీ తల ఊపాడు. చివరికి మెల్లగా అడిగాడు.

"సార్, నేను హాజరైనట్టు రాసుకున్నరా?"

అధికారి కలం మూశాడు. "రాసుకున్నాం. వెళ్ళు" అన్నాడు.

బయట మధుకర్‌రావు కారు దగ్గర ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు. సదానందం నవ్వుమొహంతో దగ్గరికి పోయాడు.

"ఏమయ్యా, అక్కల్ లేదా, బుద్ధి లేదా నీకు?" అన్నాడు మధుకర్‌రావు. "ముచ్చట నోటికాడికొచ్చింది. మంత్రి లేచి జవాబు చెప్పెటోడు. నీ ఒక్క అరుపుకు నా టైం పాయె. మంది ముంగట నా ఇజ్జత్ పాయె."

"పేరు పిలిచినరు గద దొరా..."

"పిలిస్తే? ఇది కోర్టా? ఇరవై మూడు ఇండ్లోళ్ళ నోట్ల మట్టి కొట్టినవ్. పోయి చెప్పుకో మీ ఊళ్ళె."

కారు పోయింది. సదానందం నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని తీసేయడం అతనికి చేతకానట్టు. ఎల్లక్క గోడ దగ్గర సంచి తీసుకుంది. ఆముదపు మోళ్ళు లేవు. ఊడ్చేవాళ్ళు తీసుకపోయారని జవాను చెప్పాడు.

స్టేషన్‌కు జలీల్ తోడొచ్చాడు. టికెట్లు చేతిలో పెట్టి, ఫైలులోంచి ఒక కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి ఎల్లక్కకు ఇచ్చాడు. "మీ ఊరి ప్రశ్న కాయితం. ఇంటికి పోయినంక సదువుకో అక్కా" అన్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆమె దాన్ని రవికెలో దోపుకుంది. ఇంకేం చదవాలి అనుకుంది.

మధ్యాహ్నం రైలు. సీట్లు దొరికాయి. మౌలాలి దాటింది. ఘట్‌కేసర్ దాటింది. సదానందం ఎదురుగా కూర్చొని బయటికి చూస్తున్నాడు. ఎల్లక్క రొట్టెల మూట విప్పలేదు. అతను ఆకలిగా ఉన్నాడని ఆమెకు తెలుసు. చేతులు రాలేదు. ఆమెకు తొలకరి కనబడుతున్నది. అరవై ఒక్క గుంతల్లో నీళ్ళు నిలబడటం కనబడుతున్నది. మాన్‌సింగ్ బస్సు దగ్గర ఎదురుచూస్తూ ఉంటాడు.

భువనగిరి దాటిన తర్వాత అతను అడిగాడు. "ఊళ్ళె ఏం జెప్పాలెనే?"

ఆమె రొట్టెల మూటను సంచి అడుక్కి తోసింది.

"ఎల్లా, నిన్నే. మాన్‌సింగ్ అడుగుతడు గద."

"ఏం జెప్తవ్?" అంది ఆమె. "నా నోరు నేను ఆపుకోలేకపోయిన, మీ భూములు నేనే పోగొట్టిన అని జెప్పు. సదివి వినిపిస్తినా లేదా? మాట్లాడొద్దని సదివితినా లేదా?"

పక్కనున్న ఆడమనిషి తల తిప్పి చూసింది. ఎల్లక్క గొంతు తగ్గించలేదు. "నువ్వు రాకున్నా బాగుండు. మాన్‌సింగొచ్చినా పని అయ్యేది."

సదానందం జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, సంచిలో చీర మడతల కింద పెట్టాడు. "చెమటకు తడుస్తది" అన్నాడు. లేచి ఎర్ర తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "దర్వాజ కాడ గాలికి నిలబడత" అన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. అతను పోవడం చూడలేదు.

ఆలేరు వచ్చింది, పోయింది. జనగాం వచ్చేసరికి డబ్బాలోకి మంది తోసుకొచ్చారు. పల్లీల బుట్టలు, కోళ్ళగంప, పెండ్లికి పోయేవాళ్ళ ట్రంకుపెట్టె. ఆ సందడిలో ఎల్లక్క ఒదిగి కూర్చొని రవికెలోని కాగితం తీసింది. చేతిలో ఏదైనా రాత ఉంటే చదవకుండా ఉండలేదు. ఇప్పుడు మనసును ఎక్కడైనా పెట్టాలి. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదవసాగింది.

గోగులపల్లె శివారులో ఇరవై మూడు కుటుంబాలు సాగు చేసుకుంటున్న పట్టా భూమిలో గుంతలు తవ్విన విషయం ప్రభుత్వం దృష్టికి వచ్చిందా? వస్తే, ఆ భూమి వారికి వదిలే ఉద్దేశం ఉందా?

కింద జవాబు. ఒకటి: లేదండీ. సదరు భూమి ఎవరి సాగులోనూ లేదు. రెండు: ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఉత్పన్నం అన్న మాట ఆమె ఎప్పుడూ చదవలేదు. రెండుసార్లు కూడబలుక్కుంది. కాదు అన్నది మాత్రం తెలిసింది. ఇంకా కిందికి పోయింది. టైపు కొట్టిన తేదీ పదహారు. వారం కిందటిది. తాము సంచి సర్దక ముందటిది. దాని కింద నీలి ముద్ర: సభలో ప్రస్తావనకు రాలేదు, జవాబు సభ ముందు ఉంచడమైనది. పై మూలన పెన్సిలుతో 'చూశాను' అని రాసి, మధుకర్‌రావు సంతకం. తేదీ ఇరవై మూడు. అంటే నిన్న.

ఆమె తేదీలు మళ్ళీ చదివింది. పొద్దున ఒక మనిషి కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఇది ఉంది. ఎవరినీ పిలవకుండానే, ఎవరూ పలకకుండానే అయిపోయింది. మగడు నీళ్ళు కూడా తాగకుండా మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నది అది అయిపోయిన తర్వాత. నిన్న సాయంత్రం భుజం మీద చెయ్యి వేసినాయనకు అప్పటికే తెలుసు.

మగని అరుపుకు ఏదీ పోలేదు. పోవడానికి అక్కడ ఏదీ మిగిలి లేదు.

రైలు కదిలింది. ఎల్లక్క కాగితం పట్టుకొని లేచింది. "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అంటూ కోళ్ళగంప మీది నుంచి కాలేసింది. మోకాళ్ళు గుద్దుకుంటూ దర్వాజ దగ్గరికి పోయింది. తప్పు నీది గాదయ్యా అని చెప్పాలి. రొట్టె పెట్టాలి. దర్వాజలో ఇద్దరు పడుచువాళ్ళు కాళ్ళు కిందికి వేసుకొని కూర్చొని ఉన్నారు.

"ఈడ ఒకాయన నిలబడె గద నాయినా? ముసలాయన. ఎర్ర తువ్వాల."

"గాయనా? జనగాంల దిగిండవ్వా" అన్నాడు ఒకడు. "ఎక్కుతడనుకున్నం. ఆ ఊరి కమాన్ దిక్కు నడుచుకుంట పోయిండు."

ఆమె బయటికి వంగింది. పడుచువాళ్ళిద్దరూ ఆమె చెయ్యి పట్టుకున్నారు. ప్లాట్‌ఫారం వెనక్కి పోయింది. జామచెట్లు, ఒక గూడ్సు డబ్బా, తర్వాత ఎండిన చేండ్లు.

ఇంకో డబ్బాలో ఎక్కి ఉంటాడని కాజీపేటలో ఎల్లక్క రైలంతా తిరిగింది. తర్వాతి బండి కోసం అక్కడే కూర్చుంది. దాని తర్వాతి బండి కోసం కూడా. బుధవారం సాయంత్రం ఒక్కతే ఊరు చేరింది. బస్సు దగ్గర మాన్‌సింగ్ ఉన్నాడు. ఆమె వెనక ఎవరూ దిగకపోవడం చూసి, ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

గురువారం ఇరవై మూడు ఇండ్లవాళ్ళనూ కూర్చోబెట్టి ఆమె కాగితం చదివింది. తేదీల దగ్గరికి వచ్చినప్పుడు మాన్‌సింగ్, "మల్ల ఒకసారి సదువక్కా" అన్నాడు. మళ్ళీ చదివింది. మగడు లేచి హాజర్ అన్న సంగతి కూడా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. తాను రైల్లో అన్న మాట మాత్రం చెప్పలేకపోయింది.

మాన్‌సింగ్‌తో కలిసి మూడుసార్లు జనగాం పోయింది. స్టేషన్ మాస్టరును, చాయ్ కొట్లవాళ్ళను, పోలీసులను అడిగింది. దవాఖానలో చూసింది. బుగులు గుట్ట జాతరలో ఎవరో చూశామంటే చిల్పూరు పోయి ఆ గుట్టంతా తిరిగింది. ఎర్ర తువ్వాల ముసలివాళ్ళు ప్రతిచోటా ఉన్నారు. ప్రతి ఒక్కరి మొహం చూసింది.

జూన్‌లో వాన పడింది. గుంతల్లో టేకు నాటారు.

సదానందం జనగాంలో రైలు దిగింది 1981 మార్చి 24, మంగళవారం. మళ్ళీ రాలేదు.